తాళంచెవి ఇచ్చే ముందు: అద్దెకు ఇళ్ళిచ్చే యజమానులకు బహిరంగ లేఖ

టు-లెట్ బోర్డు తగిలించే ఇంటి యజమానులందరికీ నమస్కారం.

ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు మీరు మమ్మల్ని చాలా అడుగుతారు. ఎంతమంది ఉంటారు, ఎక్కడ ఉద్యోగం, ఊరినుంచి చుట్టాలు తరచుగా వస్తారా, నీచు వండుతారా. చివర్లో కాస్త గొంతు తగ్గించి 'మీరేమిట్లు?' అని కులం కూడా అడుగుతారు. ఇల్లు కావాలి కాబట్టి మేం అన్నిటికీ జవాబు చెబుతాం. మా వంతు వచ్చేసరికి నీళ్ళు రోజూ వస్తాయా, బండి పెట్టుకోవడానికి చోటుందా అనే రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతాం. ఇంకా అడిగితే 'వీళ్ళు గొడవ మనుషులు' అనుకుని వేరేవాళ్ళకు ఇచ్చేస్తారేమోనని భయం. ముఖాముఖిగా అడగలేని ఆ మిగతా ప్రశ్నల కోసమే ఈ లేఖ.

ఇంటి ఆరోగ్యం అనగానే ఎవరైనా ఇచ్చే సలహా 'శుభ్రంగా ఉంచుకోండి' అనే. ఊడ్చేదీ తుడిచేదీ ఎలాగూ మేమే. కానీ మనిషిని మంచాన పడేసేవి, ఒక్కోసారి ప్రాణమే తీసేవి చీపురుకు అందే చోట ఉండవు. అవి గోడ లోపలి తీగల్లో, నేల కింది సంపులో, డాబా మీది ట్యాంకులో, మూసేసిన వెంటిలేటర్ దగ్గర, తలుపుల పాత రంగులో ఉంటాయి. అక్కడ చెయ్యి పెట్టే హక్కు మాకు లేదు. దేవుడి పటానికి మేకు కొట్టాలన్నా మీ అనుమతి తీసుకోవాలని అగ్రిమెంటులో రాసి ఉంటుంది. హక్కు మీదైనప్పుడు చూసుకోవలసిన బాధ్యతా మీదే. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా వివరం.

మొదట గ్యాస్ గీజర్ సంగతి. నేను అద్దెకున్న ఒక ఇంట్లో బాత్‌రూమ్ వెంటిలేటర్ అద్దాల సందుల్లో వార్తాపత్రికలు మడిచి కుక్కి, పైన గోధుమరంగు టేపు అంటించి ఉంది. పావురాలు దూరుతున్నాయని అంతకుముందు ఉన్నవాళ్ళు చేసిన ఏర్పాటట. దానికి జానెడు కింద గ్యాస్ గీజర్. సిలిండరు మాత్రం బాల్కనీలో పెట్టి గోడలోంచి గొట్టం లాగారు. నేను అనుమానంగా చూస్తుంటే యజమాని 'సిలిండరు బయటే పెట్టించాం కదండీ, ఇంకేం భయం' అన్నారు. ఆయన మంచి మనిషే. సిలిండరు ఎక్కడుందన్నది కాదు, మంట ఎక్కడ మండుతున్నదన్నదే అసలు సంగతి అని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మూసిన గదిలో గ్యాస్ మండేకొద్దీ ఆ గదిలోని ఆక్సిజన్ తరుగుతుంది. అది చాలక మంట సగం సగం మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాస్ లీకైతే మనకు తెలిసే వాసన గ్యాస్‌ది కాదు, తెలియడం కోసం కంపెనీలు కలిపే మెర్‌కాప్టన్ వాసన. మంటలో అది కూడా కాలిపోతుంది. కాబట్టి 'వాసనేమీ రాలేదు' అన్నది ఇక్కడ ఏ మాత్రం భరోసా కాదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునేదానికంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. దాంతో ఒంటికి ఆక్సిజన్ అందదు. ముందు తల బరువెక్కుతుంది, వికారం పుడుతుంది, ఆ తరువాత కాళ్ళు పట్టు తప్పుతాయి. తలుపు గడియ రెండడుగుల దూరంలోనే ఉన్నా చెయ్యి అక్కడిదాకా వెళ్ళదు. తలుపు పగలగొట్టినవాళ్ళు గుండెపోటు అనుకుంటారు, ఫిట్స్ అనుకుంటారు, కాలు జారి తలకు దెబ్బ తగిలిందనుకుంటారు. మన దేశపు నరాల వైద్యులు ఇలాంటి కేసులు చూసి చూసి దీనికి 'గ్యాస్ గీజర్ సిండ్రోమ్' అని పేరే పెట్టారు. బతికి బయటపడ్డవారిలో కొందరికి జ్ఞాపకశక్తి, నడక దెబ్బతింటాయి.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది కదా అంటారు కొందరు. తలుపూ కిటికీ మూసి ఉంటే ఆ ఫ్యాను బయటికి పంపిన గాలి స్థానంలో కొత్త గాలి ఎక్కడినుంచి రావాలి? సరైన మార్గం ఒకటే. గ్యాస్ గీజర్‌ను బాత్‌రూమ్ బయట, గాలి ఆడే చోట బిగించి, వేడినీళ్ళు మాత్రమే పైపులో లోపలికి తేవాలి. లేదా దాన్ని తీసేసి కరెంటు గీజర్ పెట్టించాలి. ఒక ప్లంబరు పూటలో చేసే పని ఇది. గోడకు రంధ్రం కొట్టాలి కాబట్టి మేం చేయించలేం.

కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఏ మరమ్మతు ఎవరిదో చెప్పే జాబితా ఒకటి ఉంది. వైరింగు, పైపుల మార్పిడి, సున్నాలు, తలుపులకూ కిటికీలకూ రంగులు యజమాని వంతు. గీజర్ రిపేరు, స్విచ్చులు, కిటికీల దోమతెర మార్చడం అద్దెదారు వంతు. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది, అది వేరే కథ. గీజర్ చెడిపోతే బాగుచేయించేది ఎవరో అందులో రాశారు. అసలు ఆ గీజర్ ఆ గదిలో ఉండవచ్చా అన్న ప్రశ్నకు ఆ జాబితాలో చోటు లేదు. బాగా పనిచేసే గీజర్ కూడా మూసిన గదిలో మనిషిని చంపగలదు. అందుకే చట్టం కోసం చూడకుండా మిమ్మల్నే అడుగుతున్నాను.

ఇక కరెంటు. మీ ఇంటి ప్లగ్గు బోర్డుల్లో మూడు రంధ్రాలు ఉంటాయి. పైనున్న పెద్ద రంధ్రం వెనుక తీగ ఉందా? చాలా పాత ఇళ్ళలో, ఆ తరువాత వేసిన అదనపు పోర్షన్లలో ఆ రంధ్రం అలంకారం మాత్రమే. లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ తీగ బోర్డుదాకా రాదు. వచ్చినా, ఇల్లు కట్టినప్పుడు తవ్విన ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. వాషింగ్ మిషన్ ముట్టుకుంటే జిల్లుమంటోందని చెబితే 'చెప్పులు వేసుకుని వాడండి' అన్న సలహా నేను ఒకటికి మించిన ఇళ్ళలో విన్నాను. జిల్లుమనడం ఆ యంత్రం ఇచ్చే ముందస్తు హెచ్చరిక. దాన్ని చెప్పులతో కప్పిపుచ్చితే లాభం లేదు.

ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు) ఉంది కాబట్టి ప్రమాదం లేదన్నది మరో నమ్మకం. ఎంసీబీ కాపాడేది తీగలను, మనుషులను కాదు. పదహారు ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి కరెంటు పారితేనే పడిపోతుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు చాలు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అనే మరో పరికరం. వెళ్ళిన కరెంటు అంతా తిరిగి రాలేదని గమనించగానే, తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే అది సరఫరా ఆపేస్తుంది. మీరు హాల్లో ఒక గోడకు వేయించే టెక్స్చర్ పెయింటు ఖర్చు కంటే దీని ఖరీదు తక్కువ. ఉన్నవాళ్ళు కూడా దానిమీది టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూడాలి. నొక్కితే పడిపోని ఆర్‌సీసీబీ ఉన్నా లేనట్టే.

అన్నిటికంటే కోపం తెప్పించేది దండెం. మీటరు దగ్గరి ఇనుప పైపునుంచి కిటికీ గ్రిల్లుకు జీఐ (ఇనుప) తీగ లాగి కడతారు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఆ పైపునే ఆనుకుని ఉంటుంది. ఏళ్ళ తరబడి గాలికి ఊగి దాని తొడుగు అరిగిపోయి, కరెంటు దండెంలోకి వస్తుంది. ఒక వానాకాలం ఉదయం తడి బట్ట ఆరేయబోయిన ఇల్లాలు అక్కడికక్కడే పడిపోతుంది, ఆమెను లాగబోయిన భర్త, ఆపైన కొడుకు. ఏటా రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల్లోనూ ఈ వార్త వస్తుంది, ఊరి పేరు మాత్రం మారుతుంది. నైలాన్ తాడు ఖరీదెంతని? మీ డాబాల మీది ఇనుప తీగలన్నీ ఈ వారమే కోసి పడేయండి. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

సంపు గురించి మాట్లాడితే వాస్తు జోలికి వెళ్ళక తప్పదు. వంటగది ఆగ్నేయంలో, సంపు ఈశాన్యంలో ఉన్నాయని మీరు ఇల్లు చూపిస్తూ గర్వంగా చెబుతారు. మంచిదే. ఆ సంపును ఎప్పుడు కడిగించారు అంటే మాత్రం నెల గుర్తురాదు. వంద గజాల స్థలంలో, తూర్పు రోడ్డు ఇంటికి, ఈశాన్యం మూలలో సంపు తవ్వితే వీధి మురుగు కాలువ మ్యాన్‌హోలు కూడా చాలాసార్లు ఆ దగ్గరే ఉంటుంది. సంపు గోడకు వెంట్రుకవాసి పగులు వచ్చినా, పక్కన డ్రైనేజీ పొంగిన రోజు ఆ నీళ్ళు లోపలికి దారి చూసుకుంటాయి. మూతగా ఒక మూల విరిగిన బండ ఉంటుంది, దాని పక్కనే బండ్లు కడుగుతారు. కడిగిన నీళ్ళు ఎటు పోతాయో వంగి చూస్తే తెలుస్తుంది. టైఫాయిడ్, కామెర్లు, వాంతులు, విరేచనాలు వస్తే మేం బయటి తిండిని తిట్టుకుంటాం. హైదరాబాద్ భోలక్‌పూర్‌లో 2009 మే నెలలో తాగునీరు కలుషితమై కలరా వచ్చి పలువురు చనిపోయారు. అక్కడివాళ్ళు తాగింది కుళాయి నీళ్ళే.

డాబా మీది నల్ల ట్యాంకు మూత గాలివానకు ఎగిరిపోతుంది. దాని స్థానంలో ఒక ఫ్లెక్సీ ముక్క, మీద నాలుగు ఇటుకలు. డెంగీ దోమకు కావలసింది మురుగు కాదు, ఇలాంటి నిలవున్న మంచినీళ్ళే. నీటి మట్టానికి కాస్త పైన, ట్యాంకు గోడకు గుడ్లు అంటిస్తుంది. అవి ఎండిపోయి కూడా నెలల తరబడి బతికి ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. అందుకే ట్యాంకు ఖాళీ చేస్తే సరిపోదు, గోడలు బ్రష్షుతో రుద్దాలి, ఓవర్‌ఫ్లో గొట్టానికి జాలీ కట్టాలి. ఫ్రైడే–డ్రైడే అని ప్రభుత్వం చెప్పినప్పుడు మేం కూలర్లూ పూలకుండీలూ ఖాళీ చేస్తాం. డాబా తలుపు తాళం మీ దగ్గరుంటే ట్యాంకు దగ్గరికి ఎలా వెళ్ళాలి?

కడిగించే ముందు ఒక్క జాగ్రత్త. చాలాకాలం మూసి ఉన్న సంపులోకి మనిషిని వెంటనే దించకండి. లోపల ఆక్సిజన్ ఉండకపోవచ్చు. కొత్తగా కట్టిన సంపుల్లో సెంట్రింగ్ చెక్కలు తీయడానికి దిగినవాళ్ళు చనిపోయేది ఇందుకే. తడి చెక్క కుళ్ళుతూ లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది. మొదట దిగినవాడు పడిపోతే కాపాడాలని రెండోవాడు, మూడోవాడు దిగుతారు. మూతలన్నీ తీసి, బాగా గాలి ఆడనిచ్చి, ఫ్యానుతో బయటి గాలి పంపి, నడుముకు తాడు కట్టి, పైన మనుషులుంటేనే దిగాలి. సెప్టిక్ ట్యాంకు అయితే మనిషిని అసలు దించకూడదు. రక్షణ పరికరాలు లేకుండా దించడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. ఆ పనికి యంత్రాలున్నాయి.

నల్గొండ, ప్రకాశం ప్రాంతాల యజమానులకు బోరు నీళ్ళ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై పళ్ళూ ఎముకలూ దెబ్బతినే ఫ్లోరోసిస్ గురించి వైద్యులు 1937లోనే రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి. మిగతాచోట్ల మాత్రం 'మా బోరు నీళ్ళు తియ్యగా ఉంటాయండీ' అన్న మాటను పరీక్ష కింద లెక్కగడుతున్నారు. ఫ్లోరైడుకు రుచి తెలియదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని మన ప్రమాణాలే చెబుతున్నాయి. మరిగిస్తే పోదు సరికదా, నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఒక సీసా నీళ్ళు ల్యాబుకు పంపి, ఆ కాగితం గోడకు అంటించండి చాలు.

రంగుల విషయం త్వరగా చెప్పేస్తాను. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90కి) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు తలుపులకూ గ్రిల్లులకూ వేసిన ఎనామెల్ రంగుల్లో ఎంతుందో ఎవరికి తెలుసు? గట్టిగా అంటుకుని ఉన్నంతకాలం పెద్ద ఇబ్బంది లేదు. పెచ్చులూడినప్పుడు, కొత్త రంగు కోసం ఉప్పుకాగితంతో పొడిగా రుద్దినప్పుడు ఆ పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. పాకే పిల్లలు ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. రక్తంలో ఇంత సీసం ఉన్నా పర్వాలేదు అనగలిగే స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తడిపి రుద్దమని మేస్త్రీకి చెప్పండి. ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడిపించండి. ఒక పోర్షన్‌కు రంగులు వేస్తున్నప్పుడు పక్క పోర్షన్ పిల్లల సంగతి ముందే ఆలోచించండి.

డాబా మీద రేకుల గది వేసి బ్యాచిలర్లకు ఇస్తున్నారు. ఇంకో రేకుల గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. ఆ సిమెంటు రేకుల్లో ఉండేది ఆస్బెస్టాస్ అనే సన్నని నారల ఖనిజం. అరవైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. మన దగ్గర తవ్వకం ఆగింది, దిగుమతి ఆగలేదు. అన్ని రకాల ఆస్బెస్టాస్ కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళు పడుతుంది కాబట్టి ఎవరూ దాన్ని ఆ రేకుతో ముడిపెట్టి చూడరు. పగలని రేకు కింద నిద్రపోయినంత మాత్రాన కొంప మునగదు. కోసినప్పుడు, డ్రిల్లు వేసినప్పుడు, కోతులు దూకి పగిలినప్పుడు ఆస్బెస్టాస్ నూగు లేస్తుంది. కాబట్టి పాత రేకుకు కొత్త కన్నాలు పెట్టకండి. పగిలిన రేకును తడిపి, ముక్కలు చేయకుండా దించండి. ఆ ముక్కలను కోళ్ళగూటికో కాలువ మూతకో దానం చేయకండి. ఈసారి కప్పు మార్చేటప్పుడు ఆస్బెస్టాస్ లేని రేకు అడగండి, దొరుకుతుంది.

చెమ్మ సంగతికి వస్తే, మీ నేర్పును మెచ్చుకోవాల్సిందే. బాత్‌రూమ్‌ను ఆనుకున్న పడకగది గోడకు పుట్టీ పూసి, లేత నీలం రంగు వేసి, ఆరకముందే మాకు చూపిస్తారు. రెండు వానలు పడేసరికి ఆ గోడ నల్లమచ్చలతో తన అసలు రంగు బయటపెడుతుంది. గోడను ఆనించి పెట్టిన బీరువా వెనుక బూజు, పక్కన పడుకున్న పిల్లకు రాత్రుళ్ళు పిల్లికూతలు. చెమ్మ లోపలినుంచి వస్తుంటే పైపూత మందు కాదు. పైపు ఎక్కడ కారుతోందో తవ్వి చూడాలి. ఆ డబ్బు ఒకసారి ఖర్చు పెడితే ఏటా వేసే రంగుల ఖర్చు మీకే మిగులుతుంది.

కిటికీ జాలీలు మేం పెట్టుకోవాలా, మీరు పెట్టాలా అన్న తగువు ఎప్పుడూ ఉంటుంది. అది తేలేదాకా మేం దోమల చుట్ట వెలిగిస్తాం. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానికి సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. కిటికీలు మూసుకుని, రాత్రంతా, పసిపిల్లల పక్కన! జాలీ చిరిగితే మేం మార్చుకుంటాం. మొదటిసారి బిగించి ఇవ్వడం మాత్రం మీ పని అనే నేనంటాను.

'మేమూ ఆ ఇంట్లోనే ఇరవై ఏళ్ళు ఉన్నాం, మాకేమీ కాలేదే' అంటారని తెలుసు. మీరున్నప్పటి ఇల్లు అది కాదు. అప్పుడు నీళ్ళు పెరట్లో రాగి బాయిలర్‌లో కాగేవి. వెనుక వరండాకు కిటికీలు తెరిచి ఉండేవి. ఆ వరండాను వంటగదిగా, పెరటిని ఇంకో పోర్షన్‌గా మార్చి, ఒక ఇంటిని మూడు చేశారు. గాలి వచ్చే దారులు మూసుకుపోయాయి, ఒక కుటుంబం కోసం వేసిన వైరింగు మీద మూడు ఫ్రిజ్‌లు నడుస్తున్నాయి. ఇల్లు పెరిగితే సంతోషమే, దాని వైరింగూ వెంటిలేటర్లూ కూడా పెరగాలి.

ఖర్చు మాటకు వస్తే, మేం ఖాళీ చేసేటప్పుడు రంగుల కింద ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసుకుంటున్నారు. ఆ ఒక్క నెల డబ్బును ఒక్కసారి ఆర్‌సీసీబీకీ ఎర్త్‌కూ ట్యాంకు మూతకూ మళ్ళించండి. గోడలు కాస్త మాసి ఉన్నా మేం సర్దుకుంటాం.

నేను కోరేది ఒక్క కాగితం. పదకొండు నెలల అగ్రిమెంటుకు దాన్ని జతచేయండి. సంపూ ట్యాంకూ కడిగించిన తేదీ, నీళ్ళ పరీక్ష ఫలితం, ఆర్‌సీసీబీ పనిచేస్తోందా, ఎర్త్‌ను ఎలక్ట్రీషియన్‌కు చూపించిన తేదీ, గీజర్ ఏ రకం, ఎక్కడ ఉంది, వెంటిలేటర్లు తెరుచుకుంటాయా, కప్పు దేనితో వేశారు, ఏ గోడకు చెమ్మ ఉంది అన్నవి అందులో రాసి ఇద్దరం సంతకాలు పెడదాం. చెమ్మ ఉంటే ఉందని రాయండి, బీరువా ఇంకో గోడకు పెట్టుకుంటాం. మా వంతుగా, గ్యాస్ ట్యూబు గడువు దాటకుండా మార్చడం, వెంటిలేటర్లకు కాగితాలు కుక్కకపోవడం, లీకు కనబడ్డ రోజే మీకు చెప్పడం అందులోనే రాయించుకోండి. అపార్ట్‌మెంటు సంఘాలైతే ట్యాంకు కడిగిన తేదీని లిఫ్టు పక్కన రాసి పెట్టవచ్చు, మెయింటెనెన్స్ బకాయిల పట్టిక ఎలాగూ అక్కడే పెడుతున్నారు.

బాత్‌రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉన్న ఇంటిని అద్దెకిచ్చినవాళ్ళు మాత్రం ఆ కాగితం దాకా ఆగవద్దు. ఈ రోజే ఫోను చేసి, దాన్ని బయటికి మార్చేదాకా వాడవద్దని మీ అద్దెదారుకు చెప్పండి.

అలాంటి కాగితం ఉన్న ఇంటికి నెలకు కొంత ఎక్కువ అద్దె ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. బేరం మాత్రం ఆడతాను.

ఇట్లు,
మీ ఇళ్ళలో అద్దెకుండే ఒకరు